మద్దెల ఓడు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గం వారు కోరిన ప్రతి ఏడూ మేము ఏ ప్రబంధ నాయికనో, ఏ శతక కవినో ఆశ్రయించి నాలుగు పుటలు నింపి ఇస్తూ వచ్చాము. ఈసారి అలా చేయడానికి మనస్సు ఒప్పుకొనలేదు. మన కళాశాల గ్రంథాలయం వెనుక గదిలో, ఇనుప బీరువాలో, తాళం లోపల రెండు గాలి తుపాకులు ఉన్నవి. గత విద్యా సంవత్సరంలో వాటిలో ఒకదాని మూలంగా ఒక తప్పు జరిగినది. తప్పు తుపాకీది కాదు. ఆ సంగతి వ్రాయనిదే మరొక విషయం మీద కలం సాగేటట్టు లేదు.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి తుపాకీతో పని ఏమిటని చదువరులకు సందేహం కలుగవచ్చు. మాకూ కలిగినది. రైఫిల్ క్లబ్బు బాధ్యత చూస్తూ వచ్చిన పెద్దలు పదవీ విరమణ చేసిన తరువాత ఆ తాళపుచెవి ఎవరి చేతిలో పెట్టాలో తెలియక, అధ్యాపకుల సమావేశానికి ఆలస్యంగా వచ్చిన మా చేతిలో పెట్టారు. 'ఛందస్సు లెక్కపెట్టే వేళ్ళు కదా, ట్రిగ్గర్ మీద కూడా నిలుస్తాయి' అని ఉర్దూ శాఖలోని మిత్రులొకరు నవ్వారు. ఆ నవ్వుతోనే నియామకం ఖాయమైనది.

తుపాకులు రెండూ ఒక పూర్వ విద్యార్థి కానుకగా ఇచ్చినవి. పాతవే అయినా పోటీకి పనికివచ్చే రకం. పక్కనున్న లివరు లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ స్ప్రింగు ముషలకాన్ని ముందుకు నెడుతుంది. ముషలకం గాలిని కుదించి, ఆ గాలి సీసపు పెల్లెట్‌ను గొట్టంలో నుంచి తోస్తుంది. మందు లేదు, పొగ లేదు. గ్రంథాలయం వెనుక పొడుగు వరండాలో టేపుతో కొలిచి 10 మీటర్ల దూరాన సున్నపు గీత గీశారు. చివర వాలుగా అమర్చిన ఇనుప రేకు గల పెట్టె, దాని ముందు కాగితపు లక్ష్యం. కాల్చేటప్పుడు రెండు వైపుల తలుపులకు గడియ వేసి, అటెండర్ చాచా ఒక తలుపు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంటారు. కాల్చిన తరువాత సబ్బుతో చేతులు కడుగనిదే ఎవరినీ కాంటీనుకు పోనివ్వరు. సీసం విషమన్న సంగతి మాకంటే ముందు ఆయనకే తెలుసు.

ఆ కాగితాన్ని చూడని వారికి దాని కఠినత్వం అర్థం కాదు. మొత్తం వలయాల వ్యాసం 45.5 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో సగం. నడిమి పదో వలయం నిజానికి వలయమే కాదు, అర మిల్లీమీటరు తెల్లని చుక్క. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. దాని అంచు ఆ చుక్కను తాకితే పది. ఒక వలయానికీ మరొక వలయానికీ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరాన రెండున్నర మిల్లీమీటర్లు తప్పితే పది తొమ్మిదవుతుంది. మా విద్యార్థులు పద్యంలో ఒక మాత్ర తప్పితే మేము చిటపటలాడతాము గాని, ఈ కాగితం మాకంటే నిర్దయమైనది.

ఇక్కడ మరొక మాట. ద్రోణుడు చెట్టుమీది పక్షిని చూపినప్పుడు అర్జునుడికి పక్షి తల తప్ప మరేమీ కనిపించలేదన్న కథ మనమందరము చదువుకున్నదే. మేము మొదటి రోజున విద్యార్థులకు అదే చెప్పాము. తప్పు చెప్పాము. ఈ తుపాకీకి వెనుక ఒక చిన్న రంధ్రం, ముందు ఒక ఉంగరం ఉంటాయి. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. ముందున్న ఉంగరం స్పష్టంగా కనిపించాలి, లక్ష్యపు నల్లని బిళ్ళ ఆ ఉంగరం నడుమ కొంత మసకగా నిలవాలి. లక్ష్యం మీదనే చూపు నిలిపిన అర్జునుడు మా వరండాలో ఆరో ఏడో తెచ్చుకొని ఉండేవాడు.

ఇక అసలు సంగతి.

రెండవ సంవత్సరం బి.కాం. చదువుతుండిన ఒక అమ్మాయి క్లబ్బులో చేరినది. పేరు వ్రాయవలదని ఆమే కోరినది. మొదటి సంవత్సరం పది గుళ్ళకు 88, 90, 91 తెచ్చుకొనేది. సెలవుల తరువాత కళాశాల తెరిచిన నాటి నుంచి ఒకనాడు 91, మరునాడు 78. ఒకే కాగితం మీద నాలుగు గుళ్ళు నడుమ, ఆపై మూడు కుడివైపు కిందికి, మళ్ళీ రెండు నడుమకు. అంతర కళాశాల పోటీకి జట్టును ఎంపిక చేసే రోజున 79 వచ్చినది. ఆమె తుపాకీ దించి, 'సార్, తేడా నాలో లేదు, రైఫిల్‌లో ఉన్నది' అన్నది.

అప్పుడు మేము ఒక సామెత చెప్పాము. తెలుగు అధ్యాపకులకు సామెతలు నోటి చివరనే ఉంటాయి కదా. 'ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ మాట, బేటీ' అన్నాము. పదిమంది విద్యార్థులు నవ్వారు. ఆ సామెతకు ఉర్దూలో సమానమైన వాక్యం కూడా ఎవరో అందించారు, మరింత నవ్వు. ఆమె నవ్వలేదు. 'ఒక్కసారి ఒకటవ నంబరు ఇవ్వండి సార్, ఐదు గుళ్ళు' అని అడిగినది. ఒకటవ నంబరు తుపాకీ సీనియర్ విద్యార్థులది, వరుస తప్పించడం పద్ధతి కాదని చెప్పాము. ఐదు నిమిషాల పని అది. ఆ ఐదు నిమిషాలు ఇచ్చి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

జట్టు జాబితా ఆమె పేరు లేకుండానే పంపాము. ఆమె క్లబ్బుకు రావడం మానినది.

మూడు వారాల తరువాత ఒకటవ నంబరు మరొకరి చేతిలో ఉండగా, జట్టులో మేటి అయిన బి.ఎస్సీ. విద్యార్థి ఒకడు రెండవ నంబరు తీసుకున్నాడు. అతడికి 94కు తగ్గడం అరుదు. ఆనాడు 81 వచ్చినది. 'సార్, రైఫిల్ సరిగా లేదు' అన్నాడు. 'అలాగా, చూద్దాం' అని మేము వెంటనే తుపాకీ అందుకున్నాము. అందుకొని లివరు మీద చెయ్యి వేసిన తరువాత గాని, అదే మాట అదే వరండాలో ఇంతకు ముందు ఒకరు అన్నారన్న సంగతి స్ఫురించలేదు. ఆమె అన్నప్పుడు మద్దెల మంచిది, అతడు అన్నప్పుడు మద్దెల ఓడు. చాచా తలుపు దగ్గర నుంచి మమ్మల్ని చూశారు. ఏమీ అనలేదు.

తెలుగులో గురి అన్న మాటకు రెండు అర్థాలు. బాణం గురి ఒకటి. 'ఆ వైద్యుడి మీద నాకు గురి' అన్నప్పటి గురి మరొకటి. ఉర్దూలో నిశానా వేరు, భరోసా వేరు. ఈ రెండింటికీ ఒకే మాట గల భాషను బోధిస్తూ, మొదటి గురి తప్పినదని రెండవ గురి తీసివేశాము.

తరువాత వారం రోజులు మేము చేసిన మరమ్మతు చదువరులు వినదగినది, ఎలా చేయకూడదో తెలియడానికి. మొదట సైటు తిప్పాము. గుండు కుడికి పోతే ఎడమకు తిప్పడం, మళ్ళీ ఎడమకు పోతే కుడికి తిప్పడం. తుపాకీ తన ఇష్టం వచ్చినట్టు పోతుంటే సైటు దాని వెంట పరుగెత్తినది. ఆపై ఒకేనాడు కొత్త పెల్లెట్ల డబ్బా తెప్పించి, గొట్టం తుడిపించి, కనిపించిన స్క్రూలన్నీ బిగించి, చాలదన్నట్టు గాలి రంధ్రంలో రెండు చుక్కల నూనె వేశాము. మొదటి దెబ్బకు పెద్ద చప్పుడు, గొట్టం చివర పొగ, గుండు లక్ష్యం పైఅంచుకు. కుదించిన గాలి వేడికి నూనె అంటుకొని మండుతుందనీ, ఆ మంట పెల్లెట్‌ను అదనపు వేగంతో తోస్తుందనీ తరువాత తెలిసినది. నూనె మండి అయిపోయిన తరువాత ఒక సాయంత్రం బాగానే కాలినది. మరునాడు మళ్ళీ మొదటికి వచ్చినది. ఏది బాగుచేసినదో తెలియదు, ఏది చెడగొట్టినదో తెలియదు. ఒక పద్యంలో ఐదు చోట్ల పాఠం దిద్ది, అర్థం కుదిరినదని సంతోషించే పరిష్కర్తను తరగతిలో ఎన్నిసార్లు ఎగతాళి చేశామో!

చివరకు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాము. ఇల్లంటే ముందు దుకాణం, వెనుక కాపురం. ఆమె తండ్రి కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఆమె ఒక స్టూలు మీద కూర్చొని బాబిన్లకు దారం చుడుతున్నది. లేచి సలాం చేసినది. మేము వచ్చిన పని చెప్పడానికి మాటలు వెదుక్కుంటుండగా ఆమె లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చినది.

అందులో జూలై నుంచి ఆమె కాల్చిన ప్రతి గుండు ఉన్నది. ప్రతి పుటలో చేత్తో గీసిన వలయాలు, అందులో అంకెలు వేసిన చుక్కలు, పక్కన ఏ డబ్బా పెల్లెట్, ఎన్నో గుండు, తుపాకీ ఎక్కడ ఆనించినది, ఎండా వానా. పుట తరువాత పుట తిప్పుతుంటే ఒక సంగతి మాకు కూడా కనిపించినది. చుక్కలు చెల్లాచెదురుగా లేవు. రెండు గుంపులుగా ఉన్నవి. ఒక గుంపు నడుమ, మరొకటి కుడివైపు కిందికి. మధ్యలో ఖాళీ.

ఆ తండ్రి కళ్ళజోడు సవరించుకొని పుస్తకం చూసి చెప్పిన మాటలు మాకు జ్ఞాపకం ఉన్నంతవరకు ఇవి: 'సాబ్, కుట్టు తప్పుతోందని మిషన్ తెస్తారు. మేము ముందు సూది మారుస్తాం. కుట్టి చూస్తాం. తగ్గకపోతే పాత సూదే పెట్టి దారం మారుస్తాం. అప్పుడు టెన్షన్, అప్పుడు షటిల్. ఒకసారికి ఒకటే. అన్నీ ఒకసారి తిప్పితే బాగైనా మాకు పైసలు వస్తాయి గాని బుద్ధి రాదు.' ఆపై పుస్తకంలో ఆ రెండు గుంపుల మీద వేలు పెట్టి, 'ఇది చెయ్యి వణుకు కాదు సాబ్. వణికే చెయ్యి ఇంత శుభ్రంగా రెండు చోట్లకు పోదు. లోపల ఏదో రెండు జాగాల మధ్య కదులుతోంది' అన్నారు. తుపాకీని ఆయన అప్పటికి చూడనైనా లేదు.

మరునాడు తండ్రీ కూతుళ్ళిద్దరూ వరండాకు వచ్చారు. తుపాకీ ముందు భాగాన్ని ఇసుక సంచి మీద, ప్రతిసారీ ఒకే చోట, బిగించి పట్టక మెత్తగా ఆనించి ఐదేసి గుళ్ళు కాల్చాలని నిశ్చయించాము. స్ప్రింగు తుపాకీలో పెల్లెట్ గొట్టం దాటకముందే ముషలకం కదలికకు తుపాకీ అదురుతుంది. గట్టి బల్ల మీద ఆనిస్తే ఒక విధంగా, మెత్తని సంచి మీద ఆనిస్తే మరొక విధంగా అదురుతుంది. అందువలన ఆనించే తీరు మారితే గుండు పడే చోటు కూడా మారుతుంది.

మొదట పెల్లెట్లు. పాత డబ్బా ఎప్పుడో కింద పడినది. పెల్లెట్ తల చదునుగా, నడుము సన్నగా, వెనుక పావడా అంచు పలుచగా ఉంటుంది. ఆ అంచు నొక్కుకుపోతే గాలి ఒకవైపు నుంచి జారిపోయి పెల్లెట్ తన దారి తాను చూసుకుంటుంది. అమ్మాయి డబ్బాను కాగితం మీద పోసి ఒక్కొక్కటి దొర్లించి చూసి, సొట్టలు పోయినవి వేరుచేసినది. మంచివాటితో కాల్చగా ఒక్కొక్క గుంపు చిన్నదైనది. కాని గుంపులు రెండే.

తరువాత సైటు. సైటు పాదం మీదా, దాని కింది పట్టా మీదా కలిసేటట్టు పెన్సిలుతో ఒక గీత గీసి ఇరవై గుళ్ళు కాల్చాము. గీత చెదరలేదు. పెల్లెట్ పెట్టే చోట గాలి కారుతున్నదేమోనని సిగరెట్టు కాగితమంత పలుచని తుంపు ఆ సందు మీద ఉంచి కాల్చాము. తుంపు కదలలేదు. వేగంలో తేడా ఉంటే గుళ్ళు పైకీ కిందికీ సాగాలి గాని పక్కకు పోకూడదని మా భౌతికశాస్త్ర మిత్రులు లెక్క వేసి చూపారు. సెకనుకు 180 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ పది మీటర్లు దాటేలోగా సుమారు 15 మిల్లీమీటర్లు కిందికి దిగుతుందట. వేగం నూటికి ఐదు వంతులు తగ్గితే మరొక ఒకటిన్నర మిల్లీమీటరు దిగుతుంది, అంతే. మా రెండవ గుంపు అంతకు మూడింతలు దూరంగా, అదీ పక్కకు ఉన్నది.

మిగిలినది కట్టె. గొట్టమూ యంత్రమూ కలిసిన ఇనుప భాగాన్ని కట్టెకు పట్టి ఉంచేవి మూడు స్క్రూలు, ముందు చెరొక పక్కన ఒకటి, ట్రిగ్గర్ దగ్గర ఒకటి. 'అవి మేమే బిగించాము, చాలా గట్టిగా ఉన్నవి' అన్నాము. ఆమె తండ్రి ఇనుమూ కట్టె కలిసే అంచు మీద బొటనవేలి గోరు ఆనించి, రెండో చేత్తో కట్టెను నొక్కి వదిలారు. మా వేలు కూడా అక్కడ పెట్టించారు. వెంట్రుకవాసి కదలిక, కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. 'స్క్రూ బిగిసింది సాబ్, పట్టు లేదు' అన్నారు. ముందరి స్క్రూ విప్పి చూపారు. దాని మొన రంధ్రం అడుగును తాకి అక్కడే బిగుసుకుంటున్నది. తల మాత్రం కట్టెను పూర్తిగా నొక్కడం లేదు. 'దీని కింద ఒక వాషరు ఉండాలి. ఏమైంది?'

ఏమైనదో మాకు తెలుసు. ఆ క్షణంలో తెలిసినది. వేసవి సెలవుల్లో, క్లబ్బు బాధ్యత కొత్తగా తీసుకున్న ఉత్సాహంలో, రెండవ నంబరు తుపాకీని మేమే విప్పి శుభ్రం చేశాము. ముందరి స్క్రూల కింద రెండు వాషర్లు తుప్పు పట్టి, మిగిలిన ఇనుముతో కలవని రంగులో కనిపించినవి. ఎవరో తరువాతి కాలంలో అనవసరంగా చేర్చినవని తలచాము. ఛాయ వేరుగా ఉన్న పద్యాన్ని ప్రక్షిప్తమని తీసివేసినట్టు తీసివేశాము. అవి లేకుండానే తుపాకీ చక్కగా కూర్చుకున్నది కూడా. ఒకటవ నంబరును విప్పడానికి సెలవులు చాలలేదు, అది దాని అదృష్టం.

శాఖ గదికి వెళ్ళి మా బల్ల సొరుగు లాగాము. గుండుసూదుల డబ్బాలో రెండు వాషర్లూ ఉన్నవి.

వాటిని కడిగి, తుప్పు గీకి, ఆయన యథాస్థానంలో వేసి బిగించారు. అమ్మాయి సంచి మీద ఆనించి ఐదు గుళ్ళు కాల్చినది. చాచా కాగితం తెచ్చి మా చేతికి ఇవ్వక ఆమె చేతికి ఇచ్చారు. ఐదూ కలిసి ఒకటే రంధ్రం, అంచులు చిరిగి బఠానీ గింజంత. 'ఇప్పుడు మళ్ళీ వాషర్లు తీసి ఒకసారి చూడాలి సార్' అన్నది ఆమె. మాకు ఆశ్చర్యం వేసినది. తండ్రి తల ఊపారు. తీసి కాల్చగా మళ్ళీ రెండు గుంపులు వచ్చినవి. వేసి కాల్చగా మళ్ళీ ఒకటి. అప్పుడు గాని ఆమె తుపాకీ బీరువాలో పెట్టడానికి ఒప్పుకొనలేదు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఇదే 10 మీటర్ల పోటీలో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, అంతకు ముందు 2004లో ఏథెన్స్‌లో ఫైనల్ చేరి ఏడవ స్థానంతో వెనుదిరిగారు. ఆనాడు తన కాళ్ళ కింది పలక వదులుగా ఉన్నదన్న సంగతి తరువాత తెలిసినదని ఆయన చెప్పుకున్నారు. మన హైదరాబాదు నుంచి వెళ్ళి 2012 లండన్‌లో ఇదే పోటీలో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పటం వరండా గోడమీద ఉన్నది. దాని పక్కన బింద్రా సంగతి ఒక కాగితం మీద వ్రాసి మేము అతికించాము. అంతటివాడికైనా నేల కదలవచ్చు.

జట్టు జాబితా సవరించడానికి నిర్వాహకులకు లేఖ వ్రాశాము. గడువు దాటినదని సమాధానం వచ్చినది. వారి నియమం వారిది. ఆ ఏడు ఆమె పోటీకి వెళ్ళలేదు. మన జట్టు వెళ్ళి వచ్చినది. దాని ఫలితాలు ఈ సంచికలోనే క్రీడా నివేదికలో ఉన్నవి. ఈ నష్టానికి మా దగ్గర వాషరు లేదు.

మరుసటి సోమవారం క్లబ్బు విద్యార్థులందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఆ సామెత ఎవరు ఎవరిని అన్నారో, వాషర్లు ఎవరి సొరుగులో దొరికినవో చెప్పాము. సిద్ధం చేసుకున్న నాలుగు గంభీర వాక్యాలు మధ్యలో తడబడినవి. ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం చివరి వరుసలో తల వంచుకొని, పెల్లెట్లను కాగితం మీద దొర్లిస్తూ ఉన్నది. మా మాటలు ముగిసిన తరువాత, 'సార్, ఇవాళ నాకు ఏ నంబరు?' అని అడిగినది. ఏది కావలిస్తే అది తీసుకొమ్మన్నాము. రెండవ నంబరే తీసుకున్నది.

ఈ ఏడు జాబితాలో మొదటి పేరు ఆమెది. పోటీ రానున్న మాసంలో.

బీరువా తలుపు లోపల ఇప్పుడు ఒక రిజిస్టరు వ్రేలాడుతున్నది. ఆమె నోటుపుస్తకం నమూనాలోనే గీతలు గీయించాము. తేదీ, కాల్చినవారి పేరు, తుపాకీ నంబరు, పెల్లెట్ డబ్బా, గుంపు ఆకారం. మొదటి పుటను ఆమెకు చూపి, ఇంకేమైనా చేర్చాలా అని అడిగాము. ఆమె స్కేలు తీసుకొని అంచున మరొక గడి గీసి, దాని తలమీద 'ఎవరు విప్పారు' అని వ్రాసి, కలం మాకు ఇచ్చినది. ఆ గడిలో మొదటి పేరు మాది.